ఫీల్డ్‌కి ఫిక్స్‌డ్ బ్లేడు కత్తి: ఎంత పొడవు, ఏ స్టీలు, ఏ ఒర?

వంశధార_జవాన్

అన్నలకు జై హింద్. ఇన్‌ఫాంట్రీలో చేస్తున్నాను. వచ్చే పోస్టింగ్ ఈశాన్యంలో అడవి ఏరియా, దాని తర్వాత హై ఆల్టిట్యూడ్ పడొచ్చు అంటున్నారు. పెట్రోలింగ్‌లో ఒంటి మీద ఉంచుకోడానికి మడతపడని కత్తి ఒకటి సొంతంగా కొనాలనుకుంటున్నాను. యూనిట్‌లో అడిగితే అభ్యంతరం లేదన్నారు, మరీ పెద్దది మాత్రం వద్దన్నారు.

పనులు ఇవీ: తాడు, వెబ్బింగ్ కోయడం, వెదురు చీల్చి మేకులు చెక్కడం, బాషా (తాత్కాలిక గుడిసె) కట్టడానికి కొమ్మలు కొట్టడం, తడి కట్టె చీల్చి లోపలి ఎండు పుల్లలతో పొయ్యి రాజేయడం, రేషన్ విప్పడం. బాయ్‌నెట్ ఉంది గానీ దానికి వాదర ఉండదు, పైగా అది లెక్కలోది, కోత్‌లో (ఆయుధాల గదిలో) జమ చేయాలి.

మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి 7 అంగుళాల కా-బార్. రెండు స్వీడన్ మోరా కంపెనీ గార్బెర్గ్. మూడు మా ఊరి కమ్మరి చేత లారీ కమాను పట్టీతో చేయించుకోవడం. వీపు మీద రంపపు పళ్లున్నది మంచిదా? సగం అంచు పళ్లు పళ్లుగా ఉండేది తీసుకోవాలా? నడుముకా, ఛాతీకా? సెలవు మీద ఇంటికొచ్చేటప్పుడు రైల్లో, విమానంలో ఇబ్బంది ఉంటుందా?

---

పిడిబాకు_విజయనగరం

తమ్ముడూ, ముందు నరికే పనినీ కోసే పనినీ వేరు చెయ్యి. ఈ రెండూ ఒకే కత్తితో చేయాలనుకున్నప్పుడే అందరూ 7 అంగుళాల దగ్గర ఆగుతారు. దానికి నరకడానికి బరువు చాలదు, చెక్కడానికి బరువు ఎక్కువ. ఈశాన్యంలో పెట్రోల్‌తో దావ్ (అక్కడి మచ్చుకత్తి) గానీ ఖుక్రీ గానీ ఒకటి వెళ్తూనే ఉంటుంది. వెదురు కొట్టడం, దారి చేసుకోవడం దాని పని. నీ ఒంటి మీది కత్తికి మిగిలేది కోయడం, చెక్కడం, చిన్న కట్టె చీల్చడం. వాటికి 10 నుంచి 13 సెం.మీ. బ్లేడు చాలు. సెక్షన్‌లో, అంటే నీ జట్టులో, నరికే పనిముట్టు అసలు లేకపోతేనే 15 నుంచి 17 సెం.మీ. గురించి ఆలోచించు.

కా-బార్ బ్లేడు సుమారు 178 మి.మీ., మందం 4.2 మి.మీ., బరువు ఒర లేకుండానే 310 గ్రాముల చుట్టూ. అమెరికా మెరైన్ కోర్ 1942లో తీసుకున్న నమూనా అది, పేరు ఊరికే రాలేదు. గార్బెర్గ్ బ్లేడు 109 మి.మీ., మందం 3.2, బరువు దాదాపు 170 గ్రాములు. తేడా 140 గ్రాములే కదా అనిపిస్తుంది. ఒర బరువు కూడా కలుపుకుని, దాన్ని రోజంతా ఒకే తుంటి మీద మోయాలని గుర్తుపెట్టుకో.

కట్టె చీల్చేటప్పుడు ఒక కొలత ఉంది. కట్టె మందం బ్లేడు పొడవు కంటే కనీసం 3 సెం.మీ. తక్కువ ఉండాలి, ఎందుకంటే అవతల బయటికి వచ్చిన మొన మీదే రెండో కట్టెతో కొడతాం. 109 మి.మీ. బ్లేడుతో 7, 8 సెం.మీ. కట్టె హాయిగా చీలుతుంది. పొయ్యి రాజేయడానికి అంతకంటే లావు కట్టెతో పనేముంది? ముడి ఉన్న చోట మాత్రం కొట్టకు. బ్లేడు ముడిలో ఇరుక్కుంటే పిడి పట్టుకుని అటూ ఇటూ ఊపుతారు, విరిగేది అప్పుడే.

విరిగే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే, బ్లేడు ఆగి పిడి మొదలయ్యే దగ్గర. లోపలికి వెళ్లే ఇనుము, అంటే టాంగ్, అక్కడ ఒక్కసారిగా సన్నబడి మూల 90 డిగ్రీలుగా కోసి ఉంటే ఒత్తిడంతా ఆ మూలలో చేరుతుంది. మూల గుండ్రంగా ఉంటే అదే సన్న టాంగ్ ఏళ్ల తరబడి ఆగుతుంది. పిడి ఖాళీ గొట్టంగా ఉండి లోపల సూది, గాలం పెట్టుకునే సినిమా టైపు కత్తులు ఈ లెక్కలో చివర్న నిలబడతాయి. ఫుల్ టాంగ్, అంటే పిడి చివరిదాకా ఇనుము ఉండేది, మంచిదే, అలాగని అదే వేదం కాదు. గెర్బర్ కంపెనీ ఎల్‌ఎంఎఫ్-2 కత్తిలో టాంగ్‌ని పిడి చివరి ఇనుప టోపీదాకా కావాలనే తీసుకెళ్లలేదు. కూలిన విమానం రేకు కోసేటప్పుడు కరెంటు తగిలితే చేతిదాకా రాకూడదని.

వీపు మీద రంపం వద్దు. అమెరికా ఎయిర్ ఫోర్స్ సర్వైవల్ కత్తుల మీద అది పెట్టింది విమానం అల్యూమినియం రేకు, ప్లాస్టిక్ కానపీ కోసి బయటపడడానికి. కట్టెలో అర అంగుళం దిగగానే బ్లేడు మందం అడ్డుపడి ఆగిపోతుంది. పైగా కట్టె చీల్చేటప్పుడు వీపు మీద కొట్టే రెండో కట్టెను ఆ పళ్లు నమిలేస్తాయి, ఒక్కో పంటి సందూ పగులు మొదలవడానికి ఒక్కో చోటు. రంపం కావాలంటే బాకో లాప్లాండర్ లాంటి మడత రంపం తీసుకో, 19 సెం.మీ. బ్లేడు, బరువు 200 గ్రాములే.

సగం పళ్ల అంచు తాడుకీ వెబ్బింగ్‌కీ బాగుంటుంది. కానీ ఆ పళ్లు పిడికి దగ్గర పెడతారు, చెక్కడానికి బలం వచ్చేదీ అక్కడే. అదీగాక అడవిలో ఆ పళ్లకు పదును పెట్టలేవు. సాదా అంచే తీసుకో.

రెండు వైపులా వాదర ఉన్న డాగర్ల జోలికి అసలు పోకు. 1941లో విల్కిన్సన్ తయారీ మొదలుపెట్టిన ఫెయిర్‌బెర్న్-సైక్స్ కమాండో కత్తి చూడ్డానికి అందంగా ఉంటుంది, అది పొడవడానికే పుట్టింది. వీపు మీద బొటనవేలు పెట్టి ఒత్తలేవు, కట్టెతో కొట్టలేవు, మొన సన్నం కాబట్టి డబ్బా మూత తిప్పినా పుటుక్కుమంటుంది. డబ్బా మాట వచ్చింది కాబట్టి, రేషన్ టిన్‌కి టిన్ ఓపెనర్ వాడు. మంచి కత్తుల మొనలు ఎక్కువగా టిన్నుల మీదే పోతాయి.

---

ఓరుగల్లు_ఆకురాయి

పై అన్న కొలతలు సరిగ్గ చెప్పిండు, స్టీలు గురించి నేను చెప్త.

కా-బార్‌ది 1095 క్రో-వాన్. దాదాపు 1 శాతం కార్బన్, కొంచెం క్రోమియం, వెనేడియం. గట్టిదనం 56 నుంచి 58 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ కొలత, అంకె పెరిగితె గట్టిదనం పెరిగినట్టు). దెబ్బకు ఓర్చుకుంటది, మామూలు సానరాయి మీద అయిదు నిమిషాలల్ల పదునెక్కుతది. బాధ ఒక్కటే, తుప్పు. ఈశాన్యం వానల్ల కోటింగ్ లేని అంచు మీద పొద్దటికల్ల నారింజ చుక్కలు వస్తయి. బ్లేడంత నల్ల పూత ఉన్నా వాదర మీద పూత ఉండదు, పదును పెట్టినప్పుడల్ల కొత్త ఇనుము బయటపడుతది. ముందు మొద్దుబారేది గూడ అక్కడ్నే, తుప్పు సన్నని అంచునే తింటది.

గార్బెర్గ్‌ది 14సీ28ఎన్, 14 శాతం క్రోమియం, కార్బన్ 0.62. స్వీడన్ స్టెయిన్‌లెస్. తడి అడవికి ఇదే సరి. 420హెచ్‌సీ (గెర్బర్ స్ట్రాంగ్‌ఆర్మ్‌ల ఉంటది) తుప్పుకు ఆగుతది, పదును జెల్ది పోతది, జెల్ది వస్తది గూడ. ఫౌజీకి అది పెద్ద తప్పేం కాదు.

డీ2 స్టీలు అని ఆన్‌లైన్ల మస్తు అమ్ముతున్నరు. అంకెలు చూస్తే 12 శాతం క్రోమియం, స్టెయిన్‌లెస్ అనుకుంటరు. కార్బన్ 1.5 శాతం ఉంటది కాబట్టి చాన క్రోమియం కార్బైడ్లల్ల (కార్బన్‌తోని కలిసిన గట్టి గింజలల్ల) ఇరుక్కపోతది, తుప్పును ఆపేటందుకు మిగిలేది తక్కువ. ఆ కార్బైడ్లు పెద్దగ ఉండుడుతోని వెదురు కణుపు మీద పక్కకు తిప్పితె అంచు పెచ్చులు లేస్తది. ప్యాకింగ్ దారం, అట్టపెట్టెలు కోసేటోనికి డీ2 బంగారం. నీకు గాదు.

వెదురు గురించి ఒక మాట. పైతోలుల సిలికా ఉంటది, ఏ స్టీలునైనా అరగదీస్తది. అడ్డంగ కొట్టకు, 45 డిగ్రీల ఏటవాలుగ కొట్టు. చీల్చేటప్పుడు సన్న కొస నుంచి మొదలుపెట్టు, కణుపు దాటంగనే దానంతటదే పోతది.

నకిలీల సంగతి గూడ చూస్కో. "సేబర్" అనో "యూఎస్ఏ" అనో బ్లేడు మీద పెద్దగ చెక్కి, స్టీలు పేరు ఎక్కడ రాయకుండ అమ్మేటియి వదిలెయ్. ఆ రకం మెత్తగ ఉంటది, ఒక్క వెదురుకే అంచు మడతపడుతది. గట్టిదనం ఎట్ల తెలుస్తదంటే, ఆకురాయితోని వీపు మీద కనిపించనికాడ ఒక గీత గియ్. మంచి ఆకురాయి 62 హెచ్‌ఆర్‌సీ పైనే ఉంటది. 57 ఉన్న బ్లేడు మీద అది జారుతూ జారుతూ కొద్దిగ పట్టుతది. వెన్నల దిగినట్టు దిగితె ఆ కత్తి వాపస్ చెయ్.

---

ఒర_ముఖ్యం

కత్తి గురించి మాట్లాడినంతలో పదో వంతు కూడా ఒర గురించి మాట్లాడరు. ఫీల్డ్‌లో కత్తి విరిగిపోవడం అరుదు, జారి పోవడం మామూలు. కాబట్టి వంశధార గారూ, కత్తి మీద ఎంత ఆలోచిస్తారో ఒర మీద అంతా ఆలోచించండి.

తోలు ఒర అడవిలో తడిసి ఆరదు. బూజు పడుతుంది, కుట్లు కుళ్లుతాయి, లోపల కత్తి చెమ్మలో ఉండిపోతుంది. క్రోమియం లవణాలతో ఊనిన (క్రోమ్ టానింగ్) తోలులో మిగిలే లవణాలు ఇనుమును తినేస్తాయి. చెట్టు బెరడు రసంతో ఊనిన తోలైనా అందులో కత్తి పెట్టి నెలల తరబడి పెట్టెలో దాచకూడదు. మంచులో ఇంకో తంటా. తడి తోలు గడ్డకట్టి కత్తిని పట్టేస్తుంది, లాగితే రాదు. నైలాన్ గుడ్డ ఒర అయితే లోపల గట్టి ప్లాస్టిక్ లైనర్ ఉందో లేదో వేలు పెట్టి చూడండి. అది లేకపోతే మీరు కింద పడినప్పుడు మొన గుడ్డ చీల్చుకుని తొడలోకి దిగుతుంది.

కైడెక్స్ (వేడి చేసి కత్తి ఆకారానికి ఒత్తే గట్టి ప్లాస్టిక్ రేకు), ఇంకా గార్బెర్గ్, గ్లాక్ కత్తులకొచ్చే పాలిమర్ ఒరలు ఈ పనికి సరైనవి. వాటికీ లోపాలున్నాయి. ఇసుక లోపలికి పోతే గీసినప్పుడల్లా బ్లేడు మీద చారలు పడతాయి, కింద నీరు పోయే కన్నం కనీసం 5 మి.మీ. ఉంటే కడిగేయొచ్చు. కైడెక్స్ 75, 80 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది, కాబట్టి ఎండలో బండి డాష్‌బోర్డు మీద వదలకండి, పట్టు సడలిపోతుంది. కొత్త కైడెక్స్ నడుస్తుంటే గలగలమంటుంది. సైకిల్ ట్యూబ్‌లోంచి 2 సెం.మీ. వెడల్పు రింగు కోసి ఒర మూతి మీద తొడిగితే చప్పుడు పోతుంది, పట్టూ పెరుగుతుంది. ఆ రింగే అవసరానికి పొయ్యి రాజేయడానికి కూడా పనికొస్తుంది, రబ్బరు తడిసినా మండుతుంది.

పట్టు పరీక్ష ఇలా చేయండి. కత్తి ఒరలో పెట్టి, బొత్తం పట్టీ వేయకుండా, తలకిందులుగా పట్టుకుని 20 సార్లు గట్టిగా విదిలించండి. మంచం మీదికి నడుము ఎత్తునుంచి రెండు మూడు సార్లు వదలండి. కదలకపోతే సరే. తర్వాత పట్టీ వేసి, దాన్ని ఒంటి చేత్తో, గ్లవ్స్‌తో తీయగలరా చూడండి. గ్లాక్ ఫీల్డ్ కత్తిలో బొటనవేలితో నొక్కే ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, ఆస్ట్రియా సైన్యం కోసం చేసినది, చాలా బాగా పనిచేస్తుంది. గుండీ పట్టీలతో ఒక ఇబ్బంది ఉంది, అజాగ్రత్తగా దోపితే కత్తి వాదరే పట్టీని కోసేస్తుంది.

వెబ్బింగ్‌కి కట్టడం. పాల్స్ పట్టీలు, అంటే వెస్ట్ మీద అడ్డంగా కుట్టి ఉండేవి, 25 మి.మీ. వెడల్పు, మధ్య సందు 25 మి.మీ., కుట్లు 38 మి.మీ. కొకటి. క్లిప్‌ని ఒర వెనక పట్టీలోంచి, తర్వాత వెస్ట్ పట్టీలోంచి, మళ్లీ ఒరలోంచి, ఇలా అల్లుకుంటూ దింపాలి. చాలామంది వెస్ట్ పట్టీల వెనక నుంచి ఒక్కసారే కిందికి తోసేస్తారు, ఒర తలుపులా ఊగుతుంది. ఒరకు రెండు క్లిప్పులు ఉండాలి, ఒకటైతే తిరిగిపోతుంది.

ఎక్కడ అంటే, ముందు ఎక్కడ కాదో చెప్తాను. నడుము ముందు భాగం వద్దు, పాకేటప్పుడు, కూర్చునేటప్పుడు పిడి పొట్టలో, ఒర గజ్జల్లో గుచ్చుకుంటుంది. నడుము వెనక అడ్డంగా వద్దు, రక్‌శాక్ అడుగు దానిమీదే కూర్చుంటుంది, వెల్లకిలా పడితే వెన్నెముకకు దెబ్బ. తొడకు వేలాడేది పరుగులో కొట్టుకుంటుంది, కంపలో తగులుకుంటుంది. మిగిలేవి రెండు. రైఫిల్ పట్టే భుజానికి అవతలి వైపు తుంటి, లేదా ఛాతీ వెస్ట్ మీద ఎడమ వైపు. ఛాతీ మీద తలకిందులుగా పెడితే చేతికి బాగా అందుతుంది, కానీ పట్టు పరీక్ష ఖాయంగా నెగ్గిన ఒరతోనే, రెండో పట్టీతోనే. పెట్టాక రైఫిల్ స్లింగ్‌తో నాలుగు పొజిషన్లూ తీసి చూడండి, నిలబడి, మోకాలి మీద, పడుకుని, బండిలో కూర్చుని. రెండు చేతుల్లో ఏదైనా ఒక్కటే ఖాళీగా ఉన్నా పిడి అందాలి. కుడిచేతికి అందేది ఎడమచేతికి అందకపోతే చోటు మార్చండి.

ఇంకోటి. పిడి చివర తాడు కట్టుకోండి, 550 పారాకార్డ్ ఒక మూర చాలు, నీళ్లు దాటేటప్పుడు వెస్ట్‌కి కట్టడానికి. కొట్టేటప్పుడు మాత్రం ఆ తాడు మణికట్టుకు చుట్టొద్దు. చెయ్యి జారితే కత్తి దూరంగా పడాలి, తాడుంటే తిరిగి మీ ముంజేతికే వస్తుంది.

---

వంశధార_జవాన్

చాలా క్లారిటీ వచ్చింది అన్నా. దావ్ సెక్షన్‌లో ఉంటుంది కాబట్టి 7 అంగుళాల ఆలోచన మానేశాను. కమ్మరి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన కొడవళ్లు, మచ్చుకత్తులు బాగా చేస్తారు. చేయిస్తే ఏం చెప్పి చేయించాలి? ఇంకా, హై ఆల్టిట్యూడ్‌లో అదే కత్తి పనికొస్తుందా?

---

ఓరుగల్లు_ఆకురాయి

తమ్మీ, కమాను పట్టీ మంచి ఉక్కే. మనకాడ లారీలకు ఎక్కువగ వచ్చేది సిలికో-మాంగనీస్ స్ప్రింగ్ స్టీలు, లేకుంటె క్రోమియం రకం. రెండూ దెబ్బకు ఆగుతయి. అయితె విరిగి స్క్రాపుల పడ్డ పట్టీ తీస్కోకు. లక్షల సార్లు వంగి వంగి దానిల కంటికి కనవడని పగుళ్లు ఉంటయి, కత్తి అయినంక అవి బయటపడుతయి. కమాన్లు కట్టే షాపుల కొత్త పట్టీ కోసినంక మిగిలిన ముక్క అడుగు.

కొడవలి చేసెటాయన చెయ్యి బాగనే ఉంటది, కానీ కొడవలి లెక్క వేరు. దానికి అంచు ఒక్కటే ముంచి గట్టి చేస్తరు, నీళ్లల్ల. స్ప్రింగ్ స్టీలు కత్తిని నీళ్లల్ల ముంచితె పగిలే ప్రమాదం ఉంది. నూనెల ముంచుమను, ఆ నూనె 50, 60 డిగ్రీలు వెచ్చగ ఉండాలె. ఎంత కాల్చాలె అంటె, అయస్కాంతం అంటుడు బంద్ అయినంక ఇంకొంచెం, నారింజ రంగు వచ్చేదాక. తెల్లగ మెరిసేదాక కాలిస్తె లోపటి గింజ పెద్దగై పెళుసైతది.

ముంచి తీసినప్పుడు అది గాజు లెక్క ఉంటది, కింద పడితె ముక్కలు. దాన్ని మళ్ల మెల్లగ వేడి చేసి దించాలె. కేక్ ఓవెన్ ఉంటె 200 నుంచి 220 డిగ్రీలల్ల రెండు గంటలు, చల్లార్చి మళ్ల రెండు గంటలు. ఓవెన్ లేకుంటె ఒకవైపు మెరిసేటట్టు రుద్ది వేడి చేసుకుంట రంగు చూడాలె, గడ్డి పసుపు రంగు వస్తె ఆపాలె. ఊదా, నీలం దాక పోతె స్ప్రింగ్ అయితది, అంచు ఆగదు. అటెన్క గ్రైండర్ మీద పెట్టినప్పుడు గూడ గదే భయం, మూడు నాలుగు సెకండ్లకొకసారి నీళ్లల్ల ముంచుకుంట తియ్యాలె. అంచు నీలం తిరిగిందంటె అక్కడ గట్టిదనం పోయినట్టే.

కొలతలు కాయితం మీద గీసి ఇయ్యి. బ్లేడు 12 సెం.మీ., వెడల్పు 3, వెన్ను మందం 4 మి.మీ. లారీ పట్టీ దీనికంటె చాన మందం ఉంటది, సాగగొట్టాలె. టాంగ్ వెడల్పు బ్లేడు వెడల్పుల మూడింట రెండొంతుల కంటె తగ్గొద్దు, పిడి మొదలుకాడ లోపటి మూలలు గుండ్రటి ఆకురాయితోని 3 మి.మీ. వంపు తిప్పాలె. పిడికి నల్లతుమ్మ బాగా ఆరిన ముక్క, 5 మి.మీ. ఇత్తడి రివిట్లు మూడు, చెక్కకు ఇనుముకు నడుమ ఆరల్డైట్ నిండ పూసి ఒక రోజు వదిలెయ్. ఆ సందులకు నీళ్లు పోతె తుప్పు కనిపించకుండ తింటది. పిడికి అవిసె నూనె పట్టియ్, వార్నిష్ వద్దు, జారుతది.

అంచు అయినంక ఇత్తడి కడ్డీ పరీక్ష చెయ్. 6 మి.మీ. కడ్డీని వైస్‌ల అడ్డంగ బిగించి, కత్తి అంచును దాని మీద 15 డిగ్రీలు వాల్చి ఒత్తు, అంచు కొద్దిగ వంగుడు కనవడాలె. తీయంగనే తిరిగి నిలబడితె పదును కుదిరినట్టు. వంగి అట్లనే ఉంటె మెత్తది, పెచ్చు ఊడితె పెళుసు, మళ్ల ఓవెన్ల పెట్టి 20 డిగ్రీలు ఎక్కువ ఇయ్యాలె.

ఇంత పని ఓపికగ చేసేటాయన దొరికితె చేయించు. కానీ ఒర ఎక్కడిది? ఆ కత్తికి సరిపొయ్యే కైడెక్స్ ఒర విడిగ చేయించాలె. అన్ని కలిపితె గార్బెర్గ్ ధర చుట్టే తిరుగుతవ్, తుప్పు బాధ అదనం.

---

నిబంధనల_గుమాస్తా

చట్టం సంగతి. ఆర్మ్స్ రూల్స్ 2016 మొదటి షెడ్యూల్, కేటగిరీ 5లో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు వస్తాయి, ఖుక్రీ, కిర్పాణ్‌లతో సహా. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. ఇలాంటివాటికి లైసెన్సు అవసరం ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 4 కింద నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే. మీరు అనుకుంటున్న 11, 12 సెం.మీ. బ్లేడు ఆ కొలతలకు చాలా లోపల ఉంది. బాయ్‌నెట్, డాగర్ అనే మాటలు అదే జాబితాలో ఉన్నాయి, కాబట్టి ఆకారంలో వాటిని పోలనిది మేలు.

ఢిల్లీ మీదుగా వెళ్తే జాగ్రత్త. అక్కడ 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి ఉంది, 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు లెక్కలతో, ముఖ్యంగా బటన్ నొక్కితే తెరుచుకునే కత్తుల మీద. నడుముకు కట్టుకుని స్టేషన్‌లో, మెట్రోలో తిరగొద్దు. డ్యూటీలో యూనిఫాం మీద ఉన్న కత్తి వేరు, సెలవు మీద సివిల్ బట్టల్లో ఉన్న కత్తి వేరు. విమానంలో క్యాబిన్ బ్యాగులోకి రానివ్వరు, చెకిన్ లగేజీలో ఒరలో పెట్టి, ఒరను గుడ్డలో చుట్టి, టేపు వేసి పెట్టండి. రైల్లోనూ అలాగే, ట్రంకు అడుగున. కొన్న బిల్లు, యూనిట్ ఇచ్చిన అనుమతి కాగితం కాపీ కూడా ట్రంకులోనే ఉంచండి. ఆ అనుమతి నోటిమాటగా కాకుండా రాతలో తీసుకోండి.

---

సానరాయి_ఉదయగిరి

హై ఆల్టిట్యూడ్ గురించి అడిగారు కదా. స్టెయిన్‌లెస్సా కార్బనా అన్నది అక్కడ పెద్ద తేడా కాదు, గాలి పొడిగా ఉంటుంది. పిడి తేడా చేస్తుంది. పిడి చుట్టూ ఇనుము బయటికి కనిపించే ఫుల్ టాంగ్ కత్తిని మైనస్ 20లో వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. గార్బెర్గ్‌లో ఇనుము పిడి చివర మాత్రమే బయటికి ఉంటుంది, అది మేలు. స్వీడన్ ఎయిర్ ఫోర్స్ పైలట్లకు 1995 నుంచి ఇచ్చే ఫాల్‌క్నివెన్ ఎఫ్1 కూడా ఇదే తరహా, 97 మి.మీ. బ్లేడు, 4.5 మి.మీ. మందం, మీ బడ్జెట్ దాటుతుందేమో. చేతికి లావు గ్లవ్స్‌తో పట్టుకుని చూశాకే కొనండి, పిడి పొడవు 11 సెం.మీ. కంటే తక్కువైతే గ్లవ్స్‌లో చిటికెన వేలు బయటే.

చలిలో కట్టె గడ్డకట్టి రాయిలా ఉంటుంది, మోరా రకం సన్నని స్కాండి అంచు (ఒకే వాలుతో చివరిదాకా సన్నబడేది) దాని మీద పెచ్చులు లేస్తుంది. బయల్దేరే ముందు ఆ అంచు చివర ఇంకో అయిదు డిగ్రీలు ఎక్కువ వాల్చి రాయి మీద నాలుగైదు సార్లు తేలిగ్గా లాగండి. కంటికి కనిపించనంత సన్నని రెండో వాలు ఏర్పడుతుంది, పెచ్చులు ఆగుతాయి. అడవికి తిరిగొచ్చాక మామూలుగా సానపడితే అది పోతుంది.

సానపట్టడం విషయానికొస్తే, స్కాండి అంచుకు కోణం వెతుక్కోనక్కర్లేదు. వాలు మొత్తం రాయి మీద ఆనించి తోయడమే. కా-బార్ రకం అంచుకు పక్కకు 20 డిగ్రీలు కావాలి. 3 సెం.మీ. వెడల్పు బ్లేడైతే వెన్ను రాయికి 10 మి.మీ. ఎత్తులో పట్టుకుంటే ఆ కోణం వస్తుంది. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో నల్లగా గీసి రెండుసార్లు లాగి చూడండి. రంగు చివరిదాకా పోతే కోణం సరి, పైన మాత్రమే పోతే వెన్ను ఎత్తాలి. 400 గ్రిట్ (రాయి గరుకు అంకె, పెరిగేకొద్దీ నున్నన) మీద ఒకవైపు రుద్దుతూ, అవతలి వైపు అంచు పొడవునా గోటికి గరుకు తగిలేవరకు ఆగొద్దు. అది తగలకుండా వైపు మార్చడం వల్లే చాలామందికి పదును కుదరదు. తర్వాత రెండో వైపు, తర్వాత 1000 మీద అదే, చివర తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి మాత్రమే లాగుతూ వైపుకు పదిహేను.

నూనె గురించి. కొబ్బరి నూనె రాస్తే అడవిలో కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టుకుంటుంది, 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కాబట్టి కొండల్లో అసలే వద్దు. రైఫిల్ నూనె తుప్పుకు మంచిదే గానీ అదే కత్తితో కూరగాయ కోస్తారు. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ 50 మి.లీ. సీసా చాలు, నోట్లోకి పోయినా హాని లేదు. రెండు చుక్కలు గుడ్డ మీద వేసి బ్లేడు తుడిచి, ఒర లోపలికి కూడా ఆ గుడ్డే ఒకసారి తిప్పండి.

క్షతగాత్రుడి బట్టలు, బూటు లేసులు కోయడానికి మాత్రం ఏ కత్తీ వాడొద్దు. కదిలే మనిషి మీద మొన ఉన్నది పెట్టకూడదు. మెడికల్ కిట్‌లో మొద్దు మొన కత్తెర ఉంటుంది, అది వాడండి.

ఫెర్రో రాడ్ (గీస్తే నిప్పురవ్వలు రాలే కడ్డీ) గీయడానికి వీపు పదునుగా, 90 డిగ్రీల అంచుతో ఉండాలి, పూత ఉంటే నిప్పురవ్వ సరిగా రాదు. గార్బెర్గ్ వీపు దానికోసమే తీర్చి ఉంటుంది. కమ్మరి చేత చేయిస్తే వీపు గుండ్రం చేయొద్దని, పిడి దగ్గరి మొదటి 4 సెం.మీ. మాత్రం బొటనవేలు ఆనుతుంది కాబట్టి మూల కొద్దిగా విరిచేయమని, మిగతాది పదునుగా ఉంచమని చెప్పండి.

---

వంశధార_జవాన్

గార్బెర్గ్ ఫిక్స్, ప్లాస్టిక్ ఒరతో, వెస్ట్‌కి కట్టే మౌంట్ వచ్చేది. అనుమతి రేపే రాతలో అడుగుతాను. సానరాయి గారూ, కొండల్లో సానపట్టడానికి నీళ్ల రాయి తీసుకెళ్లనా?

---

సానరాయి_ఉదయగిరి

వద్దు. నీళ్లు రాయిలోకి ఇంకి గడ్డకడితే రాయే పగులుతుంది. అరచేతిలో పట్టే డైమండ్ ప్లేటు, ఒకవైపు 400, రెండోవైపు 1000 ఉన్నది తీసుకోండి, పొడిగానే పనిచేస్తుంది. ఇనుప పొడి గుడ్డతో తుడిచేస్తే చాలు, బరువుగా నొక్కొద్దు, డైమండ్ గింజలు రాలిపోతాయి.